ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే చదువు ఫ్రీయేనా?

నమస్తే అందరికీ! స్టూడెంట్స్ ఫీజుల గురించి ఎక్కడ మాట్లాడినా ఒకటే మాట వస్తది, "రీయింబర్స్‌మెంట్ ఉందిగా, మీకేం టెన్షన్" అని. అంటే అర్హులైన పిల్లల ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కట్టే స్కీమ్ అన్నమాట. ఇది విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతది.

ఒకటి ఊహించుకోండి. మీరు బస్సెక్కారు, మామయ్య కిందనుంచి కండక్టర్‌తో "వాడి టికెట్ డబ్బులు నేనిస్తాలే" అన్నాడు, బస్సు కదిలింది, డబ్బులు రాలేదు. కండక్టర్ ఎవర్ని పట్టుకుంటాడు? ఎదురుగా ఉన్న మిమ్మల్నే. డబ్బులిచ్చేదాకా మీ బ్యాగ్ ఇవ్వడు. మామయ్య ప్రభుత్వం, కండక్టర్ కాలేజీ, ఆ బ్యాగే మీ సర్టిఫికెట్లు.

స్కీమ్ చెడ్డదని కాదు. 2008లో ఉమ్మడి ఏపీలో వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టాక ఎన్ని ఇళ్లల్లో మొదటి ఇంజినీర్ వచ్చాడో మనందరికీ తెలుసు. గొడవంతా డబ్బు టైమ్‌కి రాకపోవడమే. ఈపాస్‌లో, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో, అప్లై చేస్తారు, బయోమెట్రిక్ వేస్తారు, శాంక్షన్ అని చూపిస్తది, ట్రెజరీలో బిల్లుకి టోకెన్ నంబర్ కూడా పడతది, కానీ కాలేజీ అకౌంట్లో రూపాయి పడదు. కోర్సు అయిపోయి, ఆఫర్ లెటర్ వచ్చి, హెచ్‌ఆర్ ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగితే ఆఫీస్ కౌంటర్లో ఏమంటారు? "గవర్నమెంట్ డబ్బు రాలేదమ్మా, ముందు నువ్వు కట్టు, వచ్చాక రిటర్న్ ఇస్తాం." అప్పుడు నాన్న వడ్డీకి తెస్తాడు. ఆ వడ్డీ ఏ రీయింబర్స్‌మెంట్‌లోనూ రాదు, నన్నడిగితే పిల్లల్ని లోపల తినేసేది ఫీజు కంటే ఇదే.

కాలేజీల బాధా నిజమే, జీతాలివ్వాలి. 2025 నవంబర్‌లో తెలంగాణలో బకాయిల కోసం బంద్ కూడా చేశాయి. కానీ కండక్టర్ కోపం మామయ్య మీద చూపించాలి గానీ ప్యాసింజర్ మీద కాదు కదా!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. తెలంగాణ ఇంజినీరింగ్‌లో, ఎంట్రెన్స్‌లో 10,000 లోపు ర్యాంక్ రాని బీసీల్లో చాలామందికి ఏడాదికి 35,000 వరకే ఇస్తారు, అంటే మామయ్య ఒప్పుకుందే సగం టికెట్‌కి, అడ్మిషన్ ముందే మిగతాది లెక్కేసుకోండి. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి, ఆ లెటర్ కాపీ మీద కాలేజీ స్టాంప్ వేయించుకోండి, తర్వాత యూనివర్సిటీకి కంప్లైంట్ పెట్టండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, రేపు రిఫండ్ అడగాలంటే అదే ఆధారం.