మా క్లాసు రెండుసార్లు నవ్వుతుంది | రోచెస్టర్ కబుర్లు

నమస్కారం అండీ. అమెరికాలోని రోచెస్టర్‌లో, మంచులో బస్సు కోసం నిలబడి మాట్లాడుతున్నాను. ఈ వీడియో విజయవాడలో ఉన్న మా అత్తయ్య పట్టుబడితే తీస్తున్నది. ఆవిడ మనవరాలికి వినపడదు, కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టించారు. సైగల భాష అలవాటైతే పిల్లకు మాటలు రావని ఎవరో చెప్పారట. ఇక చూడండి, పిల్ల చెయ్యెత్తితే చాలు, దించమంటున్నారు. "మీ కాలేజీలో అలాంటి పిల్లలు చాలామంది ఉన్నారన్నావు కదరా, వాళ్లనే అడుగు" అంది అత్తయ్య.

ఈ కోటు చూశారా? తొంభై డాలర్లు, ఏడు వేల రూపాయల పైమాటే! ఆ డబ్బుతో మా ఇంట్లో సగం మందికి సంక్రాంతి బట్టలు వచ్చేవి. అయినా గాలి లోపలికి దూరుతూనే ఉంది.

సరే, విషయానికొస్తాను. నేను చదివే ఆర్‌ఐటీ, అంటే రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనే, బధిర విద్యార్థుల కోసం ఎన్‌టీఐడీ అనే కళాశాల ఉంది. 1965లో అమెరికా ప్రభుత్వం చట్టం చేస్తే 1968లో చదువులు మొదలయ్యాయి. ఆ పిల్లలు చాలామంది మాతోపాటే క్లాసులో కూర్చుంటారు. ప్రొఫెసర్ పక్కన ఇంటర్‌ప్రెటర్ నిలబడి చేతులతో పాఠం చెబుతుంటారు, దానికి విద్యార్థి పైసా కట్టనక్కర్లేదు. ప్రొఫెసర్ జోకు వేస్తే ముందు వినపడేవాళ్లు నవ్వుతారు, రెండు క్షణాలాగి సైగలు చూసేవాళ్లు నవ్వుతారు. ఆయన ఇంగ్లీషు యాస అర్థమై నేను నవ్వేసరికి ప్రొఫెసర్ తరువాతి స్లైడులో ఉంటారు.

నా ప్రాజెక్టులో ఉన్న అబ్బాయి చిన్నప్పటినుంచీ పెదాలు చూసి మాట గ్రహించడమే నేర్చుకున్నాడు. "ఒకరి పెదాలు చూసేలోపు ఇంకొకరు మాట్లాడేస్తారు, బడిలో ఒక్కడినే తినేవాణ్ణి" అని ఫోనులో టైపు చేసి చూపించాడు. సైగలు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడట. ఇప్పుడు క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గరే గొడవంతా. నాకేమో కూర్చుని కబుర్లు చెప్పే మనిషి ఇంకా దొరకలేదు.

ఇంప్లాంట్ ఉన్న ఒక అమ్మాయి మాత్రం అతనితో ఒప్పుకోలేదు. మాటల శిక్షణే తనకు ఎక్కువ పనికొచ్చిందంది. అయినా రాత్రి చెవి బయట పెట్టుకునే యంత్రం తీసేశాక గదిలో స్నేహితురాలితో సైగలే. ఇంటర్‌ప్రెటర్ కోర్సు చదువుతున్న ఇంకొకమ్మాయి "ముందు తల్లిదండ్రులు నేర్చుకోవాలి" అంటే, ఈమె "మా అమ్మ రెండు ఉద్యోగాలు చేసేది, ఎప్పుడు నేర్చుకుంటుంది?" అని దెబ్బలాడింది. సైగలు మాన్పించాలని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అనలేదు. ఆ ఆలోచన 1880లో ఇటలీలోని మిలాన్‌లో, బధిరుల చదువు గురించి జరిగిన సభలో బడిపంతుళ్లు తీర్మానించిందే, ఇంకా మన ఇళ్లలో తిరుగుతోంది.

అత్తయ్యా, ఇక్కడి సైగలు మాత్రం మీకు పనికిరావు. అమెరికా సైగల్లో అక్షరాలు ఒంటిచేత్తో చూపిస్తారు, మనవి రెండు చేతులతో. ఢిల్లీలో ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ అనే సంస్థ మన సైగల నిఘంటువును వీడియోలుగా పెట్టింది, 2021 నాటికే పదివేల పదాలు. ముందు 'ఆకలి', 'నొప్పి', 'వద్దు' అనే సైగలు నేర్చుకోండి. మాటల శిక్షణ ఎలాగూ సాగుతుంది. మామయ్య ఒప్పుకోకపోతే మీ రాత్రి తొమ్మిది దాటాక నాకు ఫోను చేయించండి, నేను మాట్లాడతాను. బస్సు వచ్చేసింది, ఇది పోతే ఈ మంచులో ఇంకో అరగంట!