తలుపు రంగు ఎవరు చెప్పారు?

(నల్లటి తెర. మూడు వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా కనిపిస్తాయి.)

ఆమె తలుపు తోసింది. లోపల అతను లేడు. బల్ల మీది గ్లాసులో నీళ్లు ఇంకా కదులుతున్నాయి.

వ్యాఖ్యానం:
పన్నెండు మాటలు. ఇప్పుడు చెప్పండి, ఆ తలుపు ఏ రంగులో ఉంది? గదిలో వెలుగు ఎటు నుంచి పడుతోంది? నేను రాయలేదు. అయినా మీకు ఏదో ఒక తలుపు కనిపించే ఉంటుంది. ఇంకో సంగతి కూడా తట్టి ఉండాలి: ఆమె వస్తున్న అలికిడి విని, అతను గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడని. అదీ నేను రాయలేదు. అతని మీద కాస్త కోపం కూడా వచ్చిందేమో.

కథలు ఎందుకు చదవాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది ఈ పన్నెండు మాటలనే. సినిమా అంటే నాకు ఎంతో ఇష్టం. కానీ అక్కడ తలుపుకు రంగు వేసి, దీపం పెట్టి, అతని ముఖాన్ని కూడా ఎవరో ఎంచి మన ముందుకు తెస్తారు. పుస్తకంలో ఆ పనంతా మనదే.

(గ్లాసును అందుకుంటున్న చేయి. పక్కనే మెదడు రేఖాచిత్రం.)

ఈ పని మెదడులో కనిపిస్తుంది కూడా. 2009లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కథ చదువుతున్నవారి మెదడును స్కాన్ చేసి చూశారు. పాత్ర ఏదైనా వస్తువును చేతిలోకి తీసుకున్న చోట, చదివేవారిలో చేతి కదలికలతో సంబంధమున్న భాగాలు చురుకయ్యాయి. వారు కదలకుండా పడుకునే ఉన్నారు!

ఈ శక్తి పుట్టుకతో రాదు. చుట్టూ ఉన్నవారి మాటలు వింటూ పిల్లలు మాట్లాడటం నేర్చుకుంటారు, చదవడం మాత్రం ఒకరు నేర్పాలి. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది. చదువు కోసమే ప్రత్యేకంగా ఒక భాగం మెదడులో ఏర్పడటానికి ఆ కాలం చాలదు. ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతంలోనే కొంత చోటును అక్షరాలకు మళ్లించుకుంటామని ఫ్రెంచ్ శాస్త్రవేత్త స్తానిస్లాస్ దెహాన్ వివరించారు. సాధనతో వచ్చినది సాధన తప్పితే సడలుతుంది. ఒకప్పుడు ఏకబిగిన నవల ముగించినవారు ఇప్పుడు రెండో పేజీకే ఫోను వైపు చూస్తున్నారంటే, తెలివి తగ్గి కాదు, అలవాటు తప్పి.

(వేగంగా కదిలిపోతున్న ఫోను తెర.)

నిజానికి మనం చదవడం మానలేదు. నిద్ర లేచింది మొదలు సందేశాలు, శీర్షికలు, వ్యాఖ్యలు చదువుతూనే ఉన్నాం. అవన్నీ మనల్ని వెంటనే తీర్పు చెప్పమంటాయి: నచ్చిందా, లేదా? మంచివాడా, చెడ్డవాడా? నవల అలా తొందరపెట్టదు. మొదటి అధ్యాయంలోనే మనకు గిట్టని మనిషితో 300 పేజీలు నడిపిస్తుంది. అతను అబద్ధం ఆడాడని మనకు తెలుసు. ఆడే ముందు రాత్రంతా అతనికి నిద్ర పట్టలేదనీ తెలుసు. ఎంత దగ్గరి స్నేహితుడినైనా ఇంత లోపలి నుంచి చూసే అవకాశం మనకు రాదు. నాకు కల్పన మీద అంత ప్రేమ ఉన్నది ఇందుకే.

అలాగని ఎక్కువ చేసి చెప్పకూడదు. సాహిత్య కథనం కాసేపు చదివినా ఎదుటివారి మనసును గ్రహించే నేర్పు పెరుగుతుందని 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత ఇతరులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం నిలవలేదు. ఒక్క కథతో మనిషి మారిపోడు. ఏళ్ల తరబడి కల్పన చదివినవారు ఇలాంటి పరీక్షల్లో కొంత మెరుగ్గా ఉంటారన్నంత వరకే చెప్పగలం.

ఫోనులో చదవవచ్చా? చదవండి. 54 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, సమాచారం చదివేటప్పుడు తెర కన్నా కాగితం మేలని తేలింది. కథల విషయంలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. సందేశాల మోత ఆపితే చాలు.

ఇప్పుడు మళ్లీ ఆ గదిలోకి వెళ్దాం. కథలో నాలుగో వాక్యం ఉంది.

(మూడు వాక్యాల కింద నాలుగోది.)

కిటికీ అవతల రైలు చప్పుడు దూరమవుతోంది.

నీళ్లను కదిపింది రైలు. అతను వెళ్లి గంటలు అయి ఉండవచ్చు. ఆమెకు ఎదురు వెళ్దామనే స్టేషన్‌కు బయలుదేరాడేమో. ఇందాక అతని మీద వచ్చిన కోపాన్ని ఇప్పుడు ఏం చేస్తారు?