అమెరికా చేతిలో పొట్టి పలుపు

నమస్తే. మద్రాసు ఎయిర్‌పోర్టులో అమెరికా నుంచి దిగేవాళ్లలో కొందరికి ఇమ్మిగ్రేషన్ లైను ఉండదు. ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు అని అడిగేవాళ్లూ ఉండరు. చల్లటి పెట్టె, అందులో సంచి, సంచిలో ఆక్సిజన్ పట్టిన ఉప్పునీళ్లు. అలా దిగి నేరుగా నీలాంకరై పోతారు. సాయంత్రం పూట నీలాంకరై బీచికి వెళ్లేవాళ్లలో చాలామందికి అక్కడొక జలచరాల క్వారంటైన్ కేంద్రం ఉందని తెలియదు. ఆ వచ్చేది మనుషులు కాదులెండి. రొయ్యలు. వనామీ తల్లి రొయ్యలు.

మా నెల్లూరోళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. తొంభైల్లో మన తీరంలో టైగర్ రొయ్య రాజ్యమేలింది. తెల్లమచ్చ వైరస్ వచ్చింది, చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. రొయ్యలు వేసి మేడలు కట్టినవాళ్లే పొలాలమ్ముకున్నారు. 2009లో కేంద్రం వనామీకి తలుపు తీసింది. ఈ రొయ్య పుట్టిల్లు లాటిన్ అమెరికా వైపు పసిఫిక్ తీరం. కానీ జబ్బుల్లేని తల్లి రొయ్యను తరాల తరబడి ఏరి ఏరి పెంచే పనిలో అమెరికావాళ్లు ఆరితేరారు. హవాయి నుంచి, ఫ్లోరిడా నుంచి అవి వస్తాయి. నీలాంకరైలో పరీక్షలయ్యాక హేచరీకి పోతాయి. అక్కడ పుట్టిన పిల్లను మనవాళ్లు సీడ్ అంటారు. సీడ్ చెరువులో పడ్డాక మూడు నాలుగు నెలలు మేత, మందు, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల రొద, కరెంటు పోయిందేమోనని అర్ధరాత్రి లేచి గట్టు మీద టార్చిలైటు. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక పెద్ద సైజు సరుకులో ఎక్కువ భాగం ఎక్కడికి పోతుందో తెలుసా? మళ్లీ అమెరికాకే. 2024-25లో మన చేపలు, రొయ్యల ఎగుమతులు దాదాపు 745 కోట్ల డాలర్లు. అందులో మూడో వంతుకు పైగా ఆ ఒక్క దేశమే కొన్నది. వాళ్లు తల్లిని పంపిస్తారు, మనం పిల్లల్ని పంపిస్తాం. ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది చెప్పండి.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన మీద 26 శాతం సుంకం ప్రకటించాడు. అమల్లోకి ఇంకా రాలేదు. ఆ వారంలోనే మావైపు కొనేవాళ్లు కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు, రేటు కోసేశారు. చంద్రబాబు నాయుడు కేంద్ర మంత్రి పీయూష్ గోయల్‌కి లేఖ రాయాల్సొచ్చింది. తర్వాత కొన్నాళ్లు ఆపారు. ఆగస్టు 7 నుంచి 25 అన్నారు. 27 నుంచి ఇంకో 25. మొత్తం సగానికి సగం. సరుకు మరీ చవగ్గా దింపుతున్నారంటూ వేసే పాత యాంటీ డంపింగ్ సుంకం దీనికి అదనం. అదే మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకు అప్పుడు 15 శాతమే. ఆ తర్వాత బేరాలు నడుస్తూనే ఉన్నాయి, అంకెలు మారుతూనే ఉంటాయి, నేను అంకెల్లోకి పోను.

నెల్లూరు జిల్లాలో మా చిన్నాన్నకు నాలుగు చెరువులున్నాయి. ఆ ఆగస్టులో ఫోన్ చేశాడు.

"ఒక పాతికంటే సరే అబ్బయ్యా, ఆ రెండో పాతిక దేనికంట?"

"రష్యా కాడ మనం చమురు కొంటున్నామని కోపం చిన్నాన్నా."

"నేనేమన్నా కొన్నానా? ఏరియేటర్లకు పోసే డీజిలు కూడా ఊళ్లో బంకులోదే గదరా!"

నవ్వాను గానీ జవాబు దొరకలేదు. ఎందుకంటే ఆ చమురు కథలో ఇంకో మెలిక ఉంది. 2022 చివర్లో అమెరికా, దాని మిత్రులు కలిసి రష్యా చమురుకు పీపాకు 60 డాలర్ల పరిమితి పెట్టారు. ఉద్దేశమేంటి? రష్యాకు డబ్బు తక్కువ అందాలి, కానీ చమురు మాత్రం మార్కెట్లోకి వస్తూనే ఉండాలి, లేకపోతే ప్రపంచమంతా ధర మండిపోతుంది. ఆ పరిమితికి లోబడి ఎవరో ఒకరు కొనాలనే మేం కోరుకున్నాం, ఇండియా కొన్నది అని 2024లో అప్పటి అమెరికా రాయబారి గార్సెట్టి బాహాటంగానే చెప్పాడు. ఏడాది తిరిగేసరికి అదే కొనుగోలు నేరమైంది. అందరికంటే ఎక్కువ కొనేది చైనా, ఆ పేరు మీద దానికి ఇలాంటి వడ్డింపు పడలేదు.

అంత బలమున్న దేశం ఆ బలాన్ని తెలివిగా వాడుతోందా లేదా అన్నదే ఈ వీడియో. నీతి, న్యాయం అనే తక్కెడలో నేను తూచడం లేదు. స్వార్థం లెక్కనే చూద్దాం. అమెరికాకైనా ఇది గిట్టుబాటేనా?

పలుపు తెలుసు కదా, పశువు మెడకు కట్టే తాడు. 1965లో, 66లో వరసగా వానల్లేవు. దేశంలో తిండి గింజల్లేవు. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద ఓడల్లో గోధుమలొచ్చేవి. మా నాయనమ్మ వాటిని అమెరికా గోధుమలనే అనేది, అదీ మూతి విరిచి. మా నాన్న బడిలో తాగిన పాలపొడి కూడా అమెరికాదే. ఆ గోధుమలతోనే వయ్యారిభామ విత్తనమూ వచ్చిందంటారు. ఎంత పీకినా పోని ఆ పిచ్చిమొక్క ఇప్పటికీ మా గట్ల మీద ఉంది. సరే, అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఏం చేశాడంటే, ఏడాది సరిపడా ఒప్పందం చేసుకోకుండా ఏ నెలకా నెల ఓడలకు తానే అనుమతినివ్వడం మొదలుపెట్టాడు. వాళ్ల చరిత్రకారులే దీన్ని పొట్టి పలుపు విధానం అన్నారు. వ్యవసాయం తీరు మార్చుకోమని ఒత్తిడి, వియత్నాం యుద్ధం మీద నోరు మూసుకోమని సూచన. ఇండియా అంటున్నదే పోప్ కూడా అంటున్నాడు కదా అని ఎవరో నచ్చజెప్పబోతే, పోప్‌కి మన గోధుమలు అక్కర్లేదుగా అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఆ గోధుమలు లేకపోతే ఎంతమంది పోయేవారో, అది కాదనను. కానీ మనవాళ్లకు గుర్తుండిపోయింది అన్నం పెట్టిన చెయ్యి కాదు, కంచం లాగబోయిన చెయ్యి. అదే సమయంలో అమెరికా నుంచి ఇంకొకటి కూడా వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో తయారుచేసిన పొట్టి గోధుమ వంగడం. తమిళుడైన వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం, శాస్త్రవేత్త స్వామినాథన్ పట్టుబట్టి 1966లో 18,000 టన్నుల విత్తనం తెప్పించారు. పంజాబ్ పండింది. ఓడల కోసం చూసే పని తప్పింది. ఇవాళ జాన్సన్ పేరు చెబితే మనలో ఎవరికీ గుర్తు రాడు. బోర్లాగ్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఒకే దేశం, ఒకే దశాబ్దం.

ఇక్కణ్నుంచి శ్రీహరికోటకు పోదాం. మద్రాసులో మా మేడ మీదికెక్కితే ఉత్తరాన రాకెట్ మంట కనబడుతుంది, ప్రయోగం ఉన్నప్పుడల్లా అపార్ట్‌మెంటంతా పైనే. 1963లో తుంబాలో మనం ఎగరేసిన మొదటి రాకెట్ అమెరికాదే, నైకీ అపాచీ. అంత మంచి మొదలు. 1991లో బరువైన ఉపగ్రహాల కోసం క్రయోజెనిక్ ఇంజిన్లు (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచేవి), వాటిని తయారుచేసే పద్ధతితో సహా, ఇస్తామని సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ ఒప్పుకుంది. 1992 మేలో అమెరికా ఇటు ఇస్రో మీద, అటు ఆ సంస్థ మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. క్షిపణులు చేసుకుంటారని భయమట. ద్రవ హైడ్రోజన్‌ను అంత చలిలో నింపి ఉంచడమే ఒక ప్రసవం, దాన్ని యుద్ధంలో క్షిపణికి వాడే పిచ్చివాడెవడు? 1993లో రష్యా వెనక్కి తగ్గింది. ఇంజిన్లు ఇస్తాం, విద్య మాత్రం ఇవ్వం అంది.

మనకు ఇరవై ఏళ్లు పోయాయి. 2010లో సొంత ఇంజిన్‌తో ఎగరేస్తే సముద్రంలో పడింది. 2014 జనవరిలో నిలబడింది. ఆలస్యం చేయించడమే లక్ష్యమైతే అమెరికా నెగ్గిందనే చెప్పాలి, అది ఒప్పుకోవాలి. కానీ 2025 జులై 30 సాయంత్రం 5:40కి మా మేడ మీద ఉన్నవాళ్లకు కనబడింది వేరే. నైసార్ అనే ఉపగ్రహం, నాసా, ఇస్రో కలిసి చేసింది, మొత్తం ఖర్చు 150 కోట్ల డాలర్లు. పన్నెండు రోజులకోసారి భూమి మీది నేల కదలికలన్నీ కొలుస్తుంది. అమెరికా తన రాడార్‌ను అందులో పెట్టి మన చేతికిచ్చింది. పైకి మోసుకెళ్లింది ఏదనుకున్నారు? మన జీఎస్ఎల్వీ రాకెట్. ఏ క్రయోజెనిక్ విద్య మనకు దక్కకూడదన్నారో సరిగ్గా దాంతోనే. పక్కింటి పిల్లాడు చప్పట్లు కొడుతున్నాడు, నాకేమో 1992 పేపర్లు గుర్తొస్తున్నాయి.

మద్రాసులోని మణలి రిఫైనరీ గురించి ఒక్క ముక్క. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పెట్టినప్పుడు భారత ప్రభుత్వంతో పాటు వాటాదార్లు ఇద్దరు. ఒకటి అమెరికా కంపెనీ అమోకో, రెండోది ఇరాన్ జాతీయ చమురు సంస్థ. ఒకే గేటు లోపల! అదే అమెరికా మాట మీద 2019 మేలో ఇరాన్ చమురు కొనడమే మనం మానేశాం. ఆనాటి కాగితాలు చూపిస్తే ఈ కాలం పిల్లలు నమ్మరు.

ఇంతా చెప్పి ఇది చెప్పకపోతే అన్యాయం. దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు బయటపడింది ఇక్కడే, 1986లో, మద్రాసు మెడికల్ కాలేజీ డాక్టర్ సునీతి సోలొమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో. ఆ తర్వాత ఇక్కడి నివారణ పనికి ఏళ్ల తరబడి డబ్బు పెట్టినవాళ్లలో అమెరికా సాయసంస్థ యూఎస్ఎయిడ్ ఉంది. 2003లో చిన్న బుష్ మొదలుపెట్టిన ఎయిడ్స్ మందుల కార్యక్రమం ఆఫ్రికాలో, ఇతర చోట్ల కలిపి రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వ లెక్క. ఇరాక్ యుద్ధానికి దిగిన ఏడాదే, ఆ మనిషే! వాళ్ల బడ్జెట్‌లో విదేశీ సాయమంతా కలిపినా నూటికి ఒకటి చుట్టూ ఉంటుంది. అంత తక్కువ ఖర్చుతో అంత మంచి పేరు ప్రపంచంలో ఇంకెవరూ కొనుక్కోలేదు. దాన్నే 2025 జనవరిలో ఒక్క సంతకంతో స్తంభింపజేశారు. 1961లో కెన్నెడీ పెట్టిన సంస్థ ఆ జులై 1కి మూతపడింది. నన్నడిగితే సుంకాలకంటే పెద్ద తెలివితక్కువ పని ఇదే. సుంకం రేపు తగ్గించొచ్చు. మందు ఆగిన రోగి దగ్గరికి రేపు ఏ మొహంతో వెళ్తారు?

వీసాల సంగతి మనకు చెప్పనే అక్కర్లేదు, జెమినీ ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేట్ ముందు ఫైళ్లు పట్టుకుని నిలబడని తెలుగు కుటుంబం ఉందా? 2025 సెప్టెంబరులో హెచ్1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల ఫీజన్న రాత్రి మా పై అంతస్తు ఆంటీవాళ్ల అబ్బాయి నిశ్చితార్థానికి వచ్చి ఉన్నాడు. కంపెనీ నుంచి మెయిల్, వెంటనే వెనక్కి రమ్మని. మూడు రెట్లు పెట్టి టికెట్ కొన్నాడు. విమానం ఎక్కాక తెలిసింది, అది కొత్త దరఖాస్తులకేనట. ఆంటీ ఇప్పటికీ తిడుతూనే ఉంది.

అమెరికా బలమంటే నాకు తోచేది ఇది. అది తయారుచేసినవాటి మీద జనం భయం లేకుండా ఆధారపడ్డారు. డాలరుపైన, విత్తనంపైన, తల్లి రొయ్యపైన. ఆధారపడ్డవాణ్ని ఆ ఆధారంతోనే లాగినప్పుడల్లా వాడు ఇంకో దారి వెతుక్కున్నాడు. తెలిసీ అదే పని చేస్తున్నారు.

అమెరికావాళ్లకే ఈ జబ్బు అనుకుని మనం మురిసిపోనక్కర్లేదు. 2015లో నేపాల్. ఏప్రిల్‌లో భూకంపం, సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం మన ప్రభుత్వానికి నచ్చలేదు, ఆ తర్వాత నెలల తరబడి సరిహద్దులో లారీలు కదల్లేదు. మేం ఆపలేదు, వాళ్ల ఆందోళనకారులే ఆపారని ఢిల్లీ అంది. గ్యాసు బండ లేక కట్టెల మీద వండుకున్న నేపాలీ ఇల్లాలికి ఆ వివరణ ఎక్కలేదు. 2016 మార్చిలో వాళ్ల ప్రధాని బీజింగ్ వెళ్లి చైనాతో రవాణా ఒప్పందం మీద సంతకం చేయించి వచ్చాడు.

సరే, మాధవరంలో తెల్లవారుజాము బస్సు పట్టుకోవాలి. రేపు చిన్నాన్న చెరువులో పట్టుబడి. ఈసారి 30 కౌంటు దాకా ఆగడట, 60కే పట్టేస్తానంటున్నాడు, పెద్దది చేస్తే అమెరికా మూడ్ చూడాల్సొస్తుందని. నాకో పని కూడా చెప్పాడు. ఆర్.ఏ.పురంలో కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ ఉంది కదా, సీబా. మన దేశవాళీ తెల్ల రొయ్యను మెరుగుపరిచి మన తల్లి రొయ్యను మనమే తయారుచేసుకునే కార్యక్రమం అక్కడ నడుస్తోంది. "అదెందాకా వచ్చిందో పోయి కనుక్కో అబ్బయ్యా" అన్నాడు. సోమవారం వెళ్తున్నాను.