580 వోల్టులు ఎవరి పని చేస్తాయి? ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ల ఎంపిక, జత, మార్పులు

నమస్కారం. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ల మాట ఎత్తగానే ముందుగా వినిపించే అంకె 580. అది విన్నవారిలో కొందరు తలకు షాక్ కొడుతుందేమోనని జంకుతారు. మరికొందరు అన్ని వోల్టులు ఉన్నాయి కాబట్టి ధ్వని కూడా అంత బలంగా ఉంటుందని, 600 వోల్టులు ఉన్నది ఇంకా బలమైనదని లెక్క వేస్తారు. ఈ రెండో అపోహే నాకు ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. దాన్ని నమ్మినవారు లక్షలు పోసి హెడ్‌ఫోన్ కొంటారు, యాంప్లిఫైయర్ విషయంలో చూడవలసినది చూడకుండా చూడనక్కరలేనిది చూస్తారు, ఆ తరవాత ధ్వని నచ్చక కేబుల్ మార్చి ఉన్నదాన్ని కూడా చెడగొట్టుకుంటారు. మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్‌లో అయస్కాంతమూ తీగ చుట్టా కలిసి పొరను కదుపుతాయని మీకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

(తెర మీద: రెండు రంధ్రాల పలకలు, వాటి మధ్య పలుచని పొర)

ఇక్కడ అయస్కాంతమూ లేదు, తీగ చుట్టా లేదు. ఒకటి రెండు మైక్రాన్ల మందం ఉన్న ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. దానికి అటూ ఇటూ సుమారు అర మిల్లీమీటరు ఎడంలో రంధ్రాలున్న రెండు లోహపు పలకలు ఉంటాయి. వీటిని స్టేటర్లు అంటారు. మనం చెప్పుకుంటున్న 580 వోల్టుల స్థిరమైన డీసీ వోల్టేజీ మధ్యలోని పొరకు అందుతుంది. దాని పేరు బయాస్. పాట మాత్రం స్టేటర్లకు వెళ్తుంది, అది కూడా ఒకదానికి సూటిగా, రెండోదానికి తలకిందులుగా.

మజ్జిగ చిలికే కవ్వాన్ని గుర్తు తెచ్చుకోండి. మిక్సీలు వచ్చాక అది చాలా ఇళ్లలో అటకెక్కింది కాని, ఈ హెడ్‌ఫోన్‌ను అర్థం చేసుకోవడానికి అంతకన్నా మంచి యంత్రం నాకు దొరకలేదు. కవ్వపు కాడకు తాడును రెండు మూడు చుట్లు చుట్టి, రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకొని, ఒక చేయి లాగుతున్నప్పుడు రెండో చేయి వదులుతూ పోతే కవ్వం అటూ ఇటూ తిరుగుతుంది. ఆ రెండు చేతులే స్టేటర్లు, కవ్వం మధ్యలోని పొర. మరి బయాస్ ఏమిటంటారా? కాడ మీద తాడు చుట్ల బిగువే బయాస్. చుట్లు వదులుగా ఉంటే చేతులు ఎంత లాగినా తాడు జారుతుంది గాని కవ్వం కదలదు. అలాగని బిగువు తనంతట తానుగా ఒక్క చుక్క మజ్జిగనైనా చిలకదు. చిలికేవి చేతులే. 580 వోల్టులు చేసేదల్లా, స్టేటర్ల మీద పాట కదిలినప్పుడు పొరకు పట్టు దొరికేలా చూడటం, అంతే.

షాక్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బయాస్ కొన్ని మెగా ఓమ్‌ల రెసిస్టర్ గుండా వస్తుంది కాబట్టి, దాని నుంచి ప్రవహించగల విద్యుత్తు మిల్లీ ఆంపియరులో ఒక చిన్న వంతు మాత్రమే. ఆ రెసిస్టర్ ఉన్నది కేవలం భద్రత కోసం కాదు. పొర మీది విద్యుదావేశం (చార్జ్) పాట వేగానికి హెచ్చుతగ్గులు కాకుండా నిలకడగా ఉండటానికి అదీ, పొర మీద పూసిన అధిక నిరోధకపు పూతా రెండూ అవసరం. ఆవేశం నిలకడగా ఉంటే, పొర రెండు స్టేటర్ల మధ్య ఎక్కడ ఉన్నా దాని మీద పడే బలం పాటకు అనుపాతంగానే ఉంటుంది. ఈ హెడ్‌ఫోన్లలో వక్రీకరణ అంత తక్కువగా ఉండటానికి అసలు కారణం ఇదే. పొర పలుచదనం గురించి అందరూ చెబుతారు, దీని గురించి చెప్పేవారు తక్కువ. స్టేటర్ల మీద నడిచే వోల్టేజీకి మాత్రం ఆ స్థాయి రక్షణ లేదు కాబట్టి, యాంప్ నడుస్తుండగా హెడ్‌ఫోన్ లోపల వేలు పెట్టే సాహసం చేయకండి.

అయితే చుట్లు ఇంకా బిగిస్తే ఏమవుతుంది? కొంతవరకు లాభమే. జపాన్‌కు చెందిన స్టాక్స్ సంస్థ 1960లో తన మొదటి హెడ్‌ఫోన్ ఎస్‌ఆర్-1ను అమ్మకానికి పెట్టింది. ఆ కాలపు మోడళ్లు నడిచేది 230 వోల్టుల బయాస్ మీద. దీన్నే ఇప్పుడు నార్మల్ బయాస్ అంటున్నారు. 1980 దశకంలో ప్రో బయాస్ పేరుతో 580 వోల్టులు వచ్చాయి. బలం బయాస్‌తో పాటు పెరుగుతుంది కాబట్టి, అదే హెడ్‌ఫోన్‌కు 230కి బదులు 580 ఇస్తే చప్పుడులో సుమారు 8 డెసిబెల్స్ లాభం. కాని మరీ బిగిస్తే కాడ పట్టేసి కవ్వం ఒక పక్కకు ఒరుగుతుంది. ఇక్కడ కూడా అంతే, ఆవేశం మితిమీరితే స్టేటర్ లాగుడు పొరను బిగించి ఉంచిన బలాన్ని ఓడిస్తుంది, పొర ఏదో ఒక స్టేటర్‌కు అతుక్కుపోతుంది. అందుకే ప్రో మోడళ్లలో ఎడం పెంచి, వోల్టేజీ పెంచారు. నార్మల్ హెడ్‌ఫోన్‌కు ఆరు పిన్నుల ప్లగ్, ప్రోకు అయిదు పిన్నుల ప్లగ్ పెట్టింది కూడా పొరపాటు జరగకూడదనే. ప్రో ప్లగ్‌ను నార్మల్ సాకెట్‌లో పెడితే చప్పుడు తగ్గుతుంది గాని నష్టం లేదు. పాత నార్మల్ హెడ్‌ఫోన్ ప్లగ్‌లోని అదనపు పిన్నును కత్తిరించి ప్రో సాకెట్‌లో దూర్చేవారు ఉన్నారు. దాన్ని మార్పు అనకండి, విధ్వంసం అనండి.

మన ఇంటి గోడ సాకెట్‌లో ఉండే 230 వోల్టులకూ ఈ 230 బయాస్‌కూ అంకె కలిసిందే తప్ప ఏ సంబంధమూ లేదు.

ఇక జత విషయానికి వద్దాం, అసలు డబ్బు పోయేది ఇక్కడే. బయాస్ దాదాపు అందరిదీ ఒకటే. స్టాక్స్ హెడ్‌ఫోన్లు, ఆడిజీ సంస్థ సీఆర్‌బీఎన్ 580 వోల్టులు వాడతాయి, కాస్ సంస్థ ఈఎస్‌పీ 950 తన 600 వోల్టుల కోసం తయారైనా అడాప్టర్ ఉంటే స్టాక్స్ యాంప్ మీద హాయిగా పాడుతుంది. కాబట్టి ‘ఈ యాంప్ 580 వోల్టులు ఇస్తుంది’ అనే ప్రకటన చదివి మురిసిపోవలసిన పని లేదు. మీరు అడగవలసిన ప్రశ్న: చేతులు తాడును ఎంత దూరం లాగగలవు, ఎంత చురుగ్గా వెనక్కి తిప్పగలవు? మొదటిది స్టేటర్ల మధ్య వోల్టేజీ ఊపు, రెండోది విద్యుత్ ప్రవాహం.

(తెర మీద: లెక్క)

ఒక లెక్క చేద్దాం. స్టాక్స్ హెడ్‌ఫోన్ ఎస్‌ఆర్-ఎల్700 సున్నితత్వం 100 వోల్టులకు 101 డెసిబెల్స్, అంటే స్టేటర్లకు 100 వోల్టుల పాట అందితే అంత చప్పుడు వస్తుంది. మీరు సగటున 85 డెసిబెల్స్ స్థాయిలో వింటారనుకుందాం. అది ఎక్కువే, కాని అనుకుందాం. దానికి కావలసింది 16 వోల్టులు. మృదంగం మీద పడే గట్టి దెబ్బ సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి ఎగిరిందనుకుంటే 160 వోల్టులు కావాలి. స్టాక్స్ చిన్న యాంప్ ఎస్‌ఆర్‌ఎం-252ఎస్ గరిష్ఠంగా 280 వోల్టులు ఇస్తుంది, ఎస్‌ఆర్‌ఎం-353ఎక్స్ 400 ఇస్తుంది. అంటే వోల్టేజీ వరకు చూస్తే చిన్న పెట్టె కూడా చాలినట్టే.

కాని ఈ హెడ్‌ఫోన్ విద్యుత్ పరంగా ఒక చిన్న కెపాసిటర్, అంటే ఆవేశాన్ని నింపుకొని వదిలే భాగం. ఎంత నింపుకోగలదన్నదే దాని కెపాసిటెన్స్. ఎల్700కు కేబుల్‌తో కలిపి సుమారు 110 పికో ఫారడ్లు, అంటే 10 కిలో హెర్ట్జ్ వద్ద 145 కిలో ఓమ్‌ల నిరోధం. పౌనఃపున్యం రెట్టింపైతే అది సగమవుతుంది. ఆ 160 వోల్టుల ఊపును 10 కిలో హెర్ట్జ్ వద్ద నిలబెట్టాలంటే 1.1 మిల్లీ ఆంపియర్లు, 20 కిలో హెర్ట్జ్ వద్ద 2.2. వినడానికి ఇది ఏ మూలకూ రాని అంకె. వందల వోల్టుల ఎత్తున ఆ కొద్దిపాటి విద్యుత్తును తడబడకుండా ఇవ్వడం మాత్రం తేలిక కాదు. నెమ్మదిగా చిలకడం ఎవరికైనా చేతనవుతుంది. వేగం రెట్టింపైనప్పుడు కూడా తాడును అంతే దూరం లాగగలిగితేనే అది చేతి బలం. తాళాలు, వీణ మీటు మొన, చిడతలు మొద్దుబారినట్టు వినిపిస్తే బయాస్‌ను నిందించకండి, యాంప్ ఔట్‌పుట్ దశను అనుమానించండి. హెడ్‌యాంప్ సంస్థ బ్లూ హవాయీ లాంటి పెద్ద యాంప్‌లు వేడెక్కుతూ, కరెంటు తాగుతూ, గదిలో అంత చోటు ఆక్రమిస్తూ ఉండటానికి కారణం ఈ నిల్వ బలమే.

స్టాక్స్ హెడ్‌ఫోన్ ఎస్‌ఆర్-007కు పెద్ద యాంప్ కావాలని అందరూ అంటారు. కాగితం మీద దాని సున్నితత్వం 100 డెసిబెల్స్, అంటే ఎల్700 కన్నా ఒక్క డెసిబెల్ తక్కువ. నా అభిప్రాయంలో అసలు సంగతి దాని స్వరంలో ఉంది. కింది స్వరాలు నిండుగా, పైస్వరాలు అణగి ఉండటంతో, స్పష్టత కోసం మనమే తెలియకుండా వాల్యూమ్ పెంచుతూ పోతాం, యాంప్ అంచుకు చేరుకుంటుంది. స్టాక్స్ లాంబ్డా శ్రేణిలోనిదే అయిన ఎల్300 కొన్నవారు మాత్రం చిన్న యాంప్‌తో మొదలుపెట్టి నిశ్చింతగా ఉండవచ్చు.

ఎంపికలో నేను మోడల్ పేరు కన్నా ముందు చూసేది ప్యాడ్ చెవి చుట్టూ గాలి చొరబడకుండా కూర్చుంటుందా అన్నది. కుండకు చిల్లు ఉంటే ఎంత చిలికినా ఏం లాభం? లాంబ్డా శ్రేణి, అంటే 1979 నుంచి వస్తున్న ఆ దీర్ఘచతురస్రాకారపు మోడళ్లలో, ప్యాడ్ పాతబడి అణగిపోయినా, కళ్లద్దాల కాడ అడ్డం వచ్చినా, ఒత్తైన జుట్టు మధ్యలో పడినా, కింది స్వరాలు కారిపోతాయి. చాలామంది ఈ హెడ్‌ఫోన్లకు బేస్ ఉండదని తీర్పు చెప్పేది ఆ స్థితిలో విని. ఒక చిన్న పరీక్ష ఉంది. తలకు పెట్టుకొని కప్పును అరచేత్తో మెల్లగా నొక్కినప్పుడు కింది స్వరాలు ఒక్కసారి నిండుగా మారితే, లోపం ప్యాడ్ దగ్గర ఉన్నట్టు.

స్టాక్స్ గుండ్రని మోడళ్లయిన 007, 009లలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన భయం ఎదురవుతుంది. కప్పును చెవికి ఒత్తినప్పుడు ‘పర్ర్’ మని ఒక అసభ్యమైన చప్పుడు వస్తుంది. కొత్తగా కొన్నవారు పెట్టె మూసి దుకాణానికి పరుగెత్తేది దీన్ని వినే. లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడికి ఆ పలుచని పొర ఒరిగి చేసే చప్పుడు అది. ప్యాడ్ గట్టిగా మూసుకున్నదనడానికి సాక్ష్యం తప్ప లోపం కాదు. 007 రెండో తరంలో ఆ ఒత్తిడి పోవడానికి కప్పు అంచున చిన్న రంధ్రం పెట్టారు. కింది స్వరాలు ఉబ్బినట్టు వినిపించడానికి ఆ రంధ్రమే కారణమని భావించి, దాన్ని పోస్టర్లు అంటించే మెత్తటి బంకతో మూసేవారు చాలామంది. ఇది నేను మనసారా సమర్థించే మార్పు. ఖర్చు లేదు, నచ్చకపోతే గోటితో గీకి తీసేయవచ్చు.

సమర్థించని మార్పు కేబుల్. స్టాక్స్ కేబుల్ పట్టీలా బల్లపరుపుగా, వెడల్పుగా ఉండటం చూసి ముఖం చిట్లించేవారు, తీగలను అలా ఎడంగా పరిచింది వాటి మధ్య కెపాసిటెన్స్ తగ్గించడానికేనని గ్రహించరు. వెండి తీగలను జడలా అల్లి అందంగా చేయిస్తే తీగలు దగ్గరవుతాయి, కెపాసిటెన్స్ పెరుగుతుంది, యాంప్ ఇచ్చే ఆ కొద్దిపాటి విద్యుత్తు కేబుల్‌ను నింపడానికే ఖర్చవుతుంది. తాడు తడిసి బరువెక్కితే చేతుల సత్తువ తాడుకే సరిపోయినట్టు. డబ్బిచ్చి మరీ యాంప్‌ను బలహీనపరచుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

స్టేటర్ల ముందు ఉండే దుమ్ము కాపలా పొరను తీసేస్తే పైస్వరాలు తెరుచుకుంటాయని మరో ప్రచారం ఉంది. ఆవేశం ఉన్న పొర దుమ్మును తనే లాక్కుంటుంది. ఒక్క రేణువు ఎడంలోకి చేరితే కీచుమనే శబ్దం, చిటపటలు మొదలవుతాయి. గాలి డబ్బాతో ఊదితే రేణువుతో పాటు పొర కూడా పోతుంది.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. ప్యాడ్ మార్పు మంచిది. ఎల్300కు ఎల్700 గొర్రెతోలు ప్యాడ్లు వేసుకోవచ్చు, స్వరం కొంత మారుతుంది. స్టాక్స్ ఎస్‌ఆర్‌ఎం-టీ1 లాంటి పాత ట్యూబ్ యాంప్‌లలో, ట్యూబులకు కరెంటు అందించే ప్లేట్ రెసిస్టర్లకు బదులు ఎప్పుడూ ఒకే ప్రవాహాన్ని నిలిపే సర్క్యూట్ (కాన్‌స్టంట్ కరెంట్ సోర్స్) పెట్టే మార్పు చాలా ఫలవంతమైనది, ఎందుకంటే ఆ రెసిస్టర్లు మింగే విద్యుత్తు హెడ్‌ఫోన్‌కు మిగులుతుంది. అయితే ఆ పెట్టెలో వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. ఈ పని తెలిసినవారి చేత చేయించుకోండి.

విశాఖ, కాకినాడ వంటి తీర నగరాల్లో ఉన్నవారికి తేమతో ఇబ్బంది. ఆవేశం కారిపోయి ఒక వైపు ధ్వని తగ్గుతుంది. సిలికా జెల్ సంచులు వేసిన మూత పెట్టెలో భద్రపరచండి. పాతది కొంటుంటే రెండు చెవులకూ ఒకే ధ్వని ఇచ్చే మోనో పాట పెట్టి, అరగంట వేడెక్కాక రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. తరవాత హెడ్‌ఫోన్‌ను కుడి ఎడమలు మార్చి పెట్టుకోండి. బలహీనత కూడా చెవి మారితే దోషం హెడ్‌ఫోన్‌దో యాంప్‌దో అవుతుంది, మారకపోతే మీ చెవిది.

చివరగా, జపాన్ నుంచి యాంప్ తెప్పించుకునేవారు వెనక రాసి ఉన్న వోల్టేజీ చదవండి. అక్కడి కోసం చేసినవి 100 వోల్టులవి. పాతవాటిలో కొన్నిటికి లోపల జంపర్లు మార్చి 230కి తిప్పే వీలుంది, అన్నిటికీ లేదు. లేనివాటికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, యాంప్ మీద రాసిన వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి, అది గుయ్యిమంటుంది కాబట్టి వినే చోటికి కాస్త దూరంగా పెట్టుకోండి.