ఈ మాట నీకెవరు చెప్పారు?

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం. ప్రాజెక్టు పనుల్లో టెక్నాలజీ వాడకం గురించి ఓ పావుగంట మాట్లాడమన్నారు. నేను సోషల్ టీచర్ని. నా తరగతిలో జరిగింది జరిగినట్టు చెప్తాను.

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతికి నాగార్జునసాగర్ మీద ప్రాజెక్టు ఇచ్చాను. మాది ఎడమ కాలువ కింద ఊరు. పిల్లలు పొద్దున లేస్తే చూసేది ఆ నీళ్లే. వారం తిరిగేసరికి నా టేబుల్ మీద నలభై పుస్తకాలు. రంగుల అట్టలు, స్కెచ్ పెన్ను బోర్డర్లు, నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి అతికించిన ఆనకట్ట బొమ్మ. దిద్దుతుంటే ఒక అమ్మాయి పుస్తకంలో మూడో పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పేరా అయిపోయాక అదే దస్తూరీతో, కింద గీత కూడా కొట్టి, 'ఇంకా చదవండి' అని రాసి ఉంది.

వెబ్ పేజీలో నొక్కడానికి పెట్టే మాట అది. ఆ పిల్ల దాన్నీ ఎత్తి రాసింది. నాకు నవ్వు రాలేదు, బాధేసింది. అంతకుముందు అలాంటి పుస్తకాలకే ఐదుకి ఐదు వేసినవాణ్ణి నేను. అట్ట బాగుండాలి, పేజీలు నిండాలి, అంతే. చదవకుండా రాయడం వాళ్లకు అలవాటు చేసింది నేనే.

ఆ పుస్తకాల్లోనే ఇంకో సంగతి కనబడింది. ఆనకట్ట 1967లో పూర్తయిందని చాలామంది రాశారు, కొందరు 1974 అన్నారు. వెనకటి పద్ధతైతే ఒకటి కొట్టేసి, రెండోదానికి రైటు పెట్టేవాణ్ణి. ఈసారి రెండు సంవత్సరాలూ బోర్డు మీద రాసి, "మీరే తేల్చండి. కానీ గూగుల్ చెప్పింది అంటే మాత్రం ఒప్పుకోను" అన్నాను. గూగుల్ తనంతట తాను చెప్పేది తక్కువ, చెప్పినవాళ్ల ఇంటికి దారి చూపిస్తుంది. ఆ ఇంట్లో ఉన్నదెవరు, వాళ్లకెలా తెలుసు, ఎప్పుడు రాశారు? అది అడగాల్సింది మనం.

తరగతిలో ఉన్నది నా ఫోనొక్కటే. ఆరుగురేసి దాని చుట్టూ మూగారు. తెలుగు వికీపీడియాలో వ్యాసం అడుగున మూలాలు ఉంటాయని చాలామందికి ఆ రోజే తెలిసింది. అసలు ముడి విప్పింది మాత్రం వెనక బెంచీ పిల్లాడు. సాగర్‌ది రాతి కట్టడం, వేలమంది కూలీలు కట్టారు. వాళ్ల నాయనమ్మ అక్కడ రాళ్లు మోసిన మనిషి. ఆమె మాటలు ఇంట్లో ఫోన్లో రికార్డు చేసుకొచ్చి వినిపించాడు. "నీళ్లయితే ఇడిసిండ్రు బిడ్డా, గేట్లు అప్పటికింకా పెట్టలే."

తరగతంతా గప్‌చుప్. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పైన ఉన్న 26 క్రస్టు గేట్లు బిగించడం 1974కి గానీ ముగియలేదు. అంటే రెండు సంవత్సరాలూ నిజమే. 'పూర్తయింది' అన్న మాటకే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఆనకట్ట పొడవు దగ్గరా ఇదే తంటా: కొందరు రాతి భాగం మాత్రమే లెక్కేస్తారు, కొందరు రెండు వైపులా ఉన్న మట్టికట్టలు కలుపుకుంటారు.

అదే రికార్డింగులో ఆ పెద్దమ్మ శంకుస్థాపన కూడా ఇందిరమ్మే చేసిందని చెప్పింది. చేసింది నెహ్రూ, 1955 డిసెంబరు 10న. ఆమె కళ్లారా చూసింది ఇందిరమ్మను, అదే మనసులో నిలిచిపోయింది. ఆమె మాటను తీసిపారేయలేదు, సరిచూసుకున్నాం. వాట్సాప్‌లో వచ్చినదాన్నైనా, చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబునైనా ఇలాగే చూడమంటాను. చాట్‌జీపీటీతో ఇంకో చిక్కుంది. తప్పు చెప్పినప్పుడు కూడా దాని గొంతు తడబడదు. చదివే పిల్లకు అనుమానమే రాదు. అందుకని అది చెప్పిన ప్రతి సంవత్సరానికీ ఇంకోచోట ఆధారం వెతికి తెమ్మంటున్నాను. తప్పు దొరికిన రోజు వాళ్ల ముఖాలు చూడాలి మీరు!

ఫోన్లు నిషేధించాలనేవాళ్లతో నాకు పేచీ ఉంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులే ఇచ్చారు. పరికరం పిల్లల చేతికి వచ్చేసింది, దానితో ఏం అడగాలో మనమింకా చెప్పలేదు.

ఇప్పుడు మా దగ్గర ప్రాజెక్టు పుస్తకం చివరి పేజీ ఖాళీగా ఉంచాలి. ఏం వెతికాను, ఎక్కడ దొరికింది, చెప్పిందెవరు, ఎప్పటి మాట, ఇంకెక్కడ సరిచూశాను అన్నది సొంత మాటల్లో రాయాలి. ఐదు మార్కుల్లో మూడు ఆ పేజీకే. కొందరు తల్లిదండ్రులు వచ్చి, అట్ట అంత బాగా వేస్తే మార్కులెందుకు తగ్గాయని అడిగారు. కూర్చోబెట్టి ఆ పేజీ చూపించాను.

'ఇంకా చదవండి' అని రాసిన అమ్మాయి పదో తరగతిలో మా ఊరి చెరువు మీద ప్రాజెక్టు చేసింది. పాత ఫోటో ఒకటి అతికించి, చివరి పేజీలో ఇలా రాసింది: "ఈ ఫోటో ఎవరు తీశారో ఎక్కడా లేదు. ఇద్దరిని అడిగాను, ఇద్దరూ వేరే వేరే సంవత్సరాలు చెప్పారు. అందుకే కింద సంవత్సరం వేయలేదు."