రైట్ టు రిపేర్ పోర్టల్ రివ్యూ: మన ఫోన్ మనం బాగుచేయించుకోవచ్చా?

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌ని తీసుకున్నాను. పేరు రైట్ టు రిపేర్ పోర్టల్. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు మొదలుపెట్టింది.

ఇందులో నాలుగు రంగాలున్నాయి: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. ఆపిల్, శాంసంగ్, రియల్‌మీ, హెచ్‌పీ లాంటి కంపెనీలు చేరాయి. మాన్యువళ్లు, వారంటీ షరతులు, సర్వీస్ సెంటర్ల వివరాలు ఒకేచోట పెట్టాలన్నది ఆలోచన. బాగుంది. గ్యారంటీకీ, వారంటీకీ, ఎక్స్‌టెండెడ్ వారంటీకీ తేడా తెలియనివాళ్లు కొనేముందు ఒకసారి చూస్తే మంచిదే.

కానీ మాన్యువళ్లు, వీడియోల కోసం మళ్లీ కంపెనీ సైటుకో, యూట్యూబ్ చానెల్‌కో పంపిస్తుంది. పేరేమో రిపేర్ హక్కు, చూపించేదేమో సర్వీస్ సెంటర్ అడ్రస్! ఆ దారి నాకు ఎలాగూ తెలుసండీ. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్లో కూర్చున్న టెక్నీషియన్‌కి కూడా అదే ఒరిజినల్ పార్టు, అదే స్కీమాటిక్ (ఫోన్ లోపలి సర్క్యూట్ పటం) సరైన ధరకి దొరికితే కదా హక్కు అనేది.

ఆయనకి పని రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. ఫోనే ఒప్పుకోదు. ఐఫోన్ అడుగున ఉండే అయిదు రేకుల స్క్రూలకి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. పోనీ, ఆ స్క్రూడ్రైవర్ బజార్లో దొరుకుతుంది. అసలు తాళం సాఫ్ట్‌వేర్లో ఉంది. దాన్ని పార్ట్స్ పెయిరింగ్ అంటారు. పార్టు సీరియల్ నంబరుని ఆ ఒక్క ఫోన్‌కే ముడిపెడతారు. 2021లో ఐఫోన్ 13 వచ్చిన కొత్తలో బయట డిస్‌ప్లే మార్పిస్తే ఫేస్ ఐడీ ఆగిపోయేది. ఇంకో ఐఫోన్ 13 నుంచి ఊడదీసిన ఒరిజినల్ డిస్‌ప్లే వేసినా అంతే! జనం గోల పెట్టాక ఆపిల్ వెనక్కి తగ్గింది. తర్వాత 2024లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, రిపేర్‌కి అడ్డొచ్చే పెయిరింగ్ కుదరదని చట్టమే చేసింది. ఐరోపా యూనియన్ ఇంకా గట్టిగా పట్టుకుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్లకి, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన స్పేర్ పార్టులు ఇవ్వాలి.

మన దగ్గర? 2025 మేలో ఒక కమిటీ రిపేరబిలిటీ ఇండెక్స్ మీద, అంటే వస్తువుని బాగుచేయడం ఎంత తేలికో చెప్పే మార్కుల మీద, నివేదిక ఇచ్చింది. ముందు ఫోన్లు, టాబ్లెట్లకి. విప్పడం ఎంత తేలిక, పార్టులు ఎంత త్వరగా దొరుకుతాయి, ఎలాంటి స్క్రూలు, ఏ టూల్స్ కావాలి, అప్‌డేట్లు ఎలా ఇస్తారు, ఇవన్నీ చూసి మార్కులు. ఫ్రిజ్ మీద స్టార్లు చూసి కొన్నట్టే ఫోన్ కొనొచ్చన్నమాట. ఆలోచన నాకు భలే నచ్చింది. కానీ ఒక తిరకాసు ఉంది, ఆ మార్కులు వేసుకునేది కంపెనీలే! పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఎన్ని వేసుకుంటాడో మీకు తెలియదా? ఎవరో ఒకరు బయటినుంచి సరిచూడాలి.

పోర్టల్‌కి నా రేటింగ్ 5కి 2. పార్టుల ధరలు మోడల్ వారీగా అక్కడే కనిపిస్తే 4 ఇస్తాను. సర్వీస్ విషయంలో కంపెనీ తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వారంటీ దాటాక బయట బ్యాటరీ మార్పించినవాళ్లు మోడలూ, అయిన ఖర్చూ కామెంట్లో పెట్టండి. సర్వీస్ సెంటర్ చెప్పిన రేటు కూడా రాస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.