శిబిరానికి పంపే ముందు రాత్రి సంగతి ఆలోచించండి

(ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో తెలుగు క్రైస్తవ సంఘం తల్లిదండ్రుల కూటంలో ఒక సండేస్కూల్ టీచర్ చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికి, వారి భార్య అమ్మగారికి, భోజనం వేళ దాటుతున్నా ఓపిగ్గా కూర్చున్న మీకందరికీ కృతజ్ఞతలు. గుణుపురం, కాశీనగరం నుంచి, ఏటికి అవతల పాతపట్నం నుంచి వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. మీరు తిరిగి ఇళ్ళకు చేరాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ వేసవి సెలవుల్లో మన పిల్లలు కొందరు మొదటిసారి క్రైస్తవ బాలల శిబిరానికి వెళ్తున్నారు. వీబీఎస్, అంటే సెలవుల్లో పెట్టే బైబిల్ బడి, మనకు అలవాటే. పొద్దున్న దింపుతాం, మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకుంటాం. శిబిరంలో అలా కుదరదు, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. బాలికల గదుల్లో పెద్దదిక్కుగా ఉండడానికి నన్ను పిలుస్తుంటారు కాబట్టి నేను చూసింది చెబుతాను. పగలు పిల్లలకు ఇల్లు గుర్తొచ్చే తీరికే ఉండదు. పాటలు, ఆటలు, కంఠత వాక్యాలు, పోటీలు, కొత్త స్నేహాలతో పొద్దు ఎలా గడిచిందో తెలియదు. లైట్లు తీశాక మొదలవుతుంది అసలు సంగతి. మనమేమో కొత్త బట్టలు, కొత్త బ్యాగు, ఒక డబ్బా జంతికలు కొంటే సిద్ధపాటు అయిపోయిందనుకుంటాం. అవన్నీ పగటికి పనికొచ్చేవి. రాత్రికి మన పిల్లల చేతిలో ఏం పెట్టి పంపుతున్నాం? ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ఒక పాప సంగతి చెబుతాను, పేరు చెప్పను. తొమ్మిదేళ్ళుంటాయి. గదిలో అందరూ పడుకున్నా ఆ పాప మంచం మీద కూర్చుని తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. ఏమ్మా అని అడిగితే కడుపు నొప్పి టీచర్ అంది. ఇంటి బెంగ అయినా పిల్లలు దాన్ని కడుపు నొప్పనే చెబుతారు, అందుకని పక్కన కూర్చుని మాట్లాడించాను. మెల్లగా బయటపడింది. వచ్చినప్పటి నుంచి మరుగుదొడ్డికి సరిగా వెళ్ళలేదు. ఇంట్లో ఎప్పుడూ లోపల గడియ పెట్టుకోలేదట. అక్కడ గడియ పెడితే మళ్ళీ తీయడం రాదేమోనని భయం, పెట్టకపోతే ఎవరైనా తలుపు తోస్తారని సిగ్గు. అందుకని నీళ్ళు కూడా తాగడం మానేసింది. అదీ మే నెల ఎండల్లో. ఇద్దరం కలిసి వెళ్ళి ఆ గడియ నాలుగైదుసార్లు వేసి తీశాం. నేను బయట నిలబడ్డాను. ఆ రాత్రి పాప హాయిగా నిద్రపోయింది.

ఈ పాపని అంత బాధపెట్టింది ఎంత చిన్న విషయమో చూడండి. అందుకే ఇవాళ్టి నుంచే మొదలుపెట్టమంటున్నాను. గడియ వేసుకోవడం, తీసుకోవడం నేర్పండి. కమోడ్ అలవాటైన వాళ్ళకు ఇండియన్ టాయిలెట్, అది అలవాటైన వాళ్ళకు కమోడ్ ఒకసారి చూపించండి. బకెట్టు నీళ్ళతో తనంతట తాను స్నానం చేయడం, తడి బట్టలు పిండి ఆరేయడం, లోదుస్తులు ఉతుక్కోవడం రావాలి. ఆడపిల్లలకు రెండు జడలు వేసుకోవడం రాకపోతే జుట్టు రబ్బరుబ్యాండు పెట్టుకునేంత నేర్పితే చాలు. పదీ పదకొండేళ్ళు దాటిన ఆడపిల్ల ఉంటే నెలసరి గురించి ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఇంకా మొదలవకపోయినా చెప్పండి, బ్యాగులో రెండు ప్యాడ్లు పెట్టి ఎలా వాడాలో చూపించండి. తల్లి దగ్గర లేనప్పుడు మొదటిసారి రక్తం చూసి తనకేదో జబ్బు చేసిందని రాత్రంతా ఏడ్చిన పిల్లలున్నారు.

పక్క తడిపే అలవాటున్న పిల్లల తల్లులు ఇక్కడ ఉంటారు, చేతులెత్తమని నేను అడగను. ఏడేళ్ళ వయసులో నూటికి అయిదు నుంచి పది మంది పిల్లలకు ఈ అలవాటు ఉంటుంది. అది తప్పు కాదు, బద్ధకమూ కాదు. గది చూసుకునే టీచర్‌కి ఒక్కరికే చెవిలో చెప్పండి. పక్కమీద వేయడానికి ఒక ప్లాస్టిక్ షీటు, అదనంగా ఒక జత బట్టలు పంపండి. పడుకునే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి మేమే లేపి తీసుకెళ్తాం, ఎవరికీ తెలియదు. మీరు దాచిపెడితే మాత్రం తెల్లవారేసరికి గదిలో అందరికీ తెలిసిపోతుంది.

ఇంటి బెంగ గురించి. మొదటి రెండు రాత్రులు గట్టిగా ఉంటుంది, తర్వాత చాలామందికి తగ్గిపోతుంది. ఒక్క రాత్రి కూడా మీరు లేకుండా ఎక్కడా పడుకోని బిడ్డను ఒకేసారి వారం రోజులకు పంపకండి. ముందు మేనమామగారింట్లోనో పెద్దమ్మగారింట్లోనో రెండు రాత్రులు ఉంచండి. ఆ రెండు రాత్రులూ ఫోన్ చేయకండి. అమ్మ కొంగు పట్టుకుని పడుకునే పిల్లలకు ఆ పాత చీర ముక్కే ఒకటి బ్యాగులో పెట్టండి, ఎవరూ నవ్వకుండా మేం చూసుకుంటాం.

ఇంకొక మాట. "నచ్చకపోతే ఫోన్ చెయ్యమ్మా, నాన్న వచ్చి తీసుకొచ్చేస్తారు" అని బస్సెక్కించేటప్పుడు అంటుంటాం. ప్రేమతోనే అంటాం. ఆ మాట విన్న పిల్ల మొదటి రాత్రి నుంచీ నాన్న ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూస్తూనే ఉంటుంది, అక్కడ కుదురుకునే ప్రయత్నం చేయదు. దాని బదులు "బెంగ వస్తుంది, అందరికీ వస్తుంది, వచ్చినప్పుడు టీచర్‌కి చెప్పు, ప్రార్థన చేసుకో, పొద్దున్నకు తగ్గుతుంది" అనండి. ఉత్తరాలు రాసి ముందే మా చేతికిస్తే రోజుకొకటి ఇస్తాం. ఉత్తరంలో "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, తమ్ముడు అన్నం తినడం లేదు" అని రాయకండి. కుక్కపిల్ల ఏం చేసిందో రాయండి, వాళ్ళు వచ్చేసరికి మామిడికాయ పచ్చడి పడుతుందని రాయండి.

మన సరిహద్దు పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సండేస్కూల్లో తెలుగు పాటలు పాడతారు. చదివేది మాత్రం ఒడియా మీడియం లేదా ఇంగ్లీషు మీడియం. విశాఖ వైపు తెలుగు శిబిరానికి వెళ్తే అక్కడ బైబిల్ ఇచ్చి "చదువు బాబూ" అంటారు. వీడికి అక్షరాలు కూడుకోవడమే కష్టం. అంతమందిలో నోరు పెగలదు. తెలివిగల పిల్లాడే ఆ రోజంతా మూలన కూర్చుంటాడు. కోరాపుట్ వైపు ఒడియా శిబిరానికి వెళ్తే చదవడం వస్తుంది గానీ పాటలు కొత్త, యాస కొత్త. కాబట్టి ఫారం ఇచ్చేటప్పుడే ఏ భాష చదవగలడో, ఏ భాష మాట్లాడగలడో రాయండి. చదవగలిగిన భాషలోని బైబిలే పంపండి, అక్కడ పంచే పుస్తకం ఏదైనా సరే. ఈ నెల రోజుల్లో తెలుగు అక్షరాలు నేర్పగలిగితే ఇంకా మంచిది, ఆదివారం ఆరాధన తర్వాత నేను కూర్చుంటాను.

ఫారంలో ఆరోగ్యం అని ఒక గడి ఉంటుంది. చాలామంది అందులో "ఏమీ లేదు" అని రాసేస్తారు. ఉబ్బసం, ఫిట్స్, ఏదైనా తింటే దద్దుర్లు రావడం, వాడుతున్న మందులు, అన్నీ రాయండి. ముఖ్యంగా సికిల్ సెల్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు. మన ఒడిశాలో ఇది చాలా కుటుంబాల్లో ఉంది, రేపు పెళ్ళి సంబంధాలకు అడ్డొస్తుందని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, దాచిపెడతారు. ఆ బిడ్డకు నీళ్ళు తక్కువైనా, చన్నీళ్ళలో ఎక్కువసేపు ఆడినా తట్టుకోలేని నొప్పులు మొదలవుతాయి. అర్ధరాత్రి బిడ్డ ఒళ్ళు నొప్పులని ఏడుస్తుంటే, మాకు తెలియకపోతే, ఆటల అలుపనుకుని కాళ్ళు పిసుకుతూ కూర్చుంటాం. తెలిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తాం. మందులు బిడ్డ బ్యాగులో వేయకండి, పేరూ మోతాదూ రాసి టీచర్ చేతికివ్వండి. ఇన్‌హేలర్ మాత్రం బిడ్డ దగ్గరే ఉండాలి.

పడుకునేది మంచం మీదా నేల మీదా అని అడగండి. నేల మీదైతే దోమతెర తప్పనిసరిగా పంపండి, అంచులు పరుపు కిందికి దోపుకోవడం నేర్పండి. దోమల కోసమే కాదు, కట్లపాము రాత్రిళ్ళు నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది, ఒక్కోసారి కాటు వేసిన నొప్పి కూడా తెలియదు. దోపిన దోమతెర దాన్నీ ఆపుతుంది. ఒక టార్చిలైటు కూడా పెట్టండి. ఇక మలేరియా. రాయగడ, కోరాపుట్ కొండల్లో వచ్చేది ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకు ఎక్కేది అదే. దోమ కుట్టిన వారం నుంచి రెండు వారాల్లోపు జ్వరం రావచ్చు, అంటే బిడ్డ ఇంటికొచ్చేశాక. తిరిగొచ్చిన నెలలోపు ఏ జ్వరం వచ్చినా ఎండదెబ్బ అనుకుని మాత్ర వేసి ఊరుకోకండి. ఆశా వర్కర్ దగ్గరైనా రక్తపరీక్ష చేయించండి, ఎక్కడికి వెళ్ళొచ్చిందో డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి రుచించకపోవచ్చు. మన సంఘాల్లో ఒక అలవాటు ఉంది. శిబిరం నడిపేవాళ్ళు దైవసేవకులు, వాళ్ళను ప్రశ్నలడగడం అవిశ్వాసం అనుకుంటాం. ప్రార్థన చేసి పంపేస్తాం. లూకా సువార్త రెండో అధ్యాయం చూడండి. యేసుకు పన్నెండేళ్ళు. పస్కా పండుగకు యెరూషలేముకు వెళ్ళి తిరిగొస్తున్నారు. గుంపులోనే ఉన్నాడనుకుని తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం నడిచేశారు. మూడు రోజుల తర్వాత గానీ దేవాలయంలో కనబడలేదు. ఆ గుంపులో ఉన్నది పరాయివాళ్ళు కాదు, బంధువులు, ఎరిగినవాళ్ళు. అందరూ మనవాళ్ళే అయినప్పుడే, ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకుంటాం. అందుకే అడగమంటున్నాను. గుణుపురం విశాఖ రైలులో తీసుకెళ్తే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టేది ఎవరు? ఆ మనిషి పేరేమిటి, నంబరేమిటి?

రాత్రి గదిలో ఎవరు పడుకుంటారో కూడా అడగండి. ఆడపిల్లల గదిలో ఆడవాళ్ళే ఉండాలి, ఒక్కరు కాదు, కనీసం ఇద్దరు. మగపిల్లల గదిలోనూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. ఏ పెద్దమనిషైనా, పాస్టరుగారైనా సరే, ఒక్క బిడ్డతో తలుపు మూసిన గదిలో ఉండకూడదు. ప్రార్థన చేయించడానికైనా, కౌన్సెలింగ్‌కైనా నలుగురికీ కనబడే చోటే కూర్చోవాలి. ఈ నియమం శిబిరంలో ఉందా అని అడిగితే మంచి శిబిరం వాళ్ళు నొచ్చుకోరు, కాగితం తీసి చూపిస్తారు. నొచ్చుకుంటే అక్కడికి పంపకండి. నేను ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. ఎక్కడైనా చెడు జరిగితే సంఘం పరువు పోతుందని కప్పిపుచ్చేవాళ్ళు ఉన్నారు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది. జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. అది సంఘం పెద్దలకూ వర్తిస్తుంది, నాకూ వర్తిస్తుంది.

ఇక బిడ్డకు ఏం చెప్పాలి? ఒంటిమీద ఎవరైనా ఎక్కడ చేయి వేయకూడదో చెప్పండి. "ఎవరికీ చెప్పకు, ఇది మన రహస్యం" అని పెద్దవాళ్ళెవరైనా అంటే ఆ మాటే ముందు వచ్చి చెప్పమనండి. నువ్వేం చెప్పినా నిన్ను తిట్టను అని చెప్పండి, చెప్పి నిలబెట్టుకోండి. మీ ఫోన్ నంబర్ నోటికి నేర్పండి. అన్ని నంబర్లూ సెల్‌లోనే ఉండడంతో ఇప్పటి పిల్లలకు అమ్మ నంబరే రావడం లేదు. 1098 కూడా నేర్పండి, పిల్లల కోసం ఉన్న ఉచిత నంబర్ అది.

చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. బ్యాగు బిడ్డ చేతే సర్దించండి, చీకట్లో వెతుక్కోవాల్సింది తనే. బట్టలమీద మార్కర్‌తో పేరు రాయండి. బంగారం వద్దు. శిబిరం సముద్రం దగ్గరైతే నీళ్ళలోకి దింపుతారా లేదా అడగండి, దింపేటట్లయితే ఒప్పుకోకండి, ఆ ఒడ్డున అలలు పెద్దవాళ్ళనే లాగేస్తాయి. పక్కింటి హిందూ పిల్లలు మనవాళ్ళతో వస్తామంటే అక్కడ బైబిల్ బోధ, ప్రార్థన ఉంటాయని వాళ్ళ అమ్మానాన్నలకు దాచకుండా చెప్పి, వాళ్ళే సంతకం పెట్టి పంపితేనే తీసుకెళ్ళాలి. బలవంతంగా, మోసంతో, ఆశచూపి మతం మార్పించకూడదనే మతస్వేచ్ఛ చట్టం ఒడిశాలో 1967 నుంచే ఉంది. చట్టం లేకపోయినా అదే మర్యాద.

తిరిగొచ్చిన రోజు సంగతి. చివరి రాత్రి కూటంలో యేసును వెంబడిస్తామని తీర్మానం చేసుకున్నవాళ్ళను నిలబడమంటారు. కొందరు మనసారా నిలబడతారు, కొందరు పక్కవాళ్ళు నిలబడ్డారని నిలబడతారు, కొందరు కూర్చునే ఉంటారు. ఇంటికి రాగానే "నువ్వు నిలబడ్డావా?" అని అడగకండి. అది పరీక్ష ఫలితం కాదు. గొంతు బొంగురుపోయి, ఒళ్ళు ఎండకు నల్లబడి, సంచి నిండా మాసిన బట్టలతో వస్తారు. అన్నం పెట్టి పడుకోనివ్వండి. మర్నాడు "రాత్రిళ్ళు నిద్ర పట్టిందా, పక్కన ఎవరు పడుకున్నారు?" అని మామూలుగా అడగండి. అక్కడి నుంచి వాళ్ళే చెప్పుకొస్తారు, మంచైనా చెడైనా. మధ్యలో ఆపకండి.

ఫారాలు వెనక బల్లమీద ఉన్నాయి. ఆరోగ్యం గడి, భాష గడి ఖాళీగా ఉన్న ఫారం నేను తీసుకోను. ఒంటరిగా మాట్లాడాలనుకునే తల్లులు అమ్మగారి గదికి రండి, అక్కడే ఉంటాను. రైలుకు వెళ్ళాల్సిన వాళ్ళు ముందు అడగండి.